“లో రిస్క్” అని రాసి డిశ్చార్జ్ చేసేయొచ్చా?

ప్రశ్న ఒక సైకియాట్రీ పీజీ నుంచి వచ్చింది. మొదటి ఏడాది, ప్రభుత్వ బోధనాసుపత్రి. వార్డులో నలభై దాటిన కౌలు రైతు ఉన్నాడు. తీవ్రమైన డిప్రెషన్‌లో ఆత్మహత్యాయత్నం చేసి, మెడికల్ వార్డులో గట్టెక్కి, సైకియాట్రీకి మారాడు. మూడు వారాలయింది. ఇప్పుడు “అలాంటి ఆలోచనలేమీ లేవు సార్” అంటున్నాడు. ఆత్మహత్య ముప్పును కొలిచే ప్రశ్నావళిలో (స్కేల్) స్కోరు తక్కువొచ్చింది. ఇంటివాళ్ళు శుక్రవారం తీసుకెళ్తామని పట్టుబడుతున్నారు. “కేస్ షీట్‌లో లో రిస్క్ అని రాసి పంపించేయొచ్చా? రాశాక ఏదైనా జరిగితే?” ఇదీ సందేహం.

పంపించొచ్చేమో గానీ, “లో రిస్క్” అని మాత్రం రాయకండి. “హై రిస్క్” అనీ వద్దు. ఆ ముక్క రాసినవాళ్ళకు కాస్త టెన్షన్ తగ్గుతుందేమో, పేషెంటుకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఇది నా చాదస్తం అనుకోకండి. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇదే స్పష్టంగా ఉంది: ఆత్మహత్యను ముందుగా అంచనా వేయడానికి స్కేళ్ళు వాడొద్దు, మనుషుల్ని లో, మీడియం, హై అని గంపల్లోకి వేరు చేయొద్దు, ఆ గంపను బట్టి ఎవరికి వైద్యం ఇవ్వాలో, ఎవర్ని ఇంటికి పంపాలో తేల్చొద్దు.

ఎందుకో అర్థం కావాలంటే పాత అధ్యయనం ఒకటి చూడాలి. అమెరికాలో అలెక్స్ పొకోర్నీ అనే సైకియాట్రిస్టు, మాజీ సైనికుల ఆసుపత్రిలో చేరిన 4,800 మంది మానసిక రోగుల్ని ఏళ్ళ తరబడి గమనించి 1983లో ఫలితాలు ప్రచురించాడు. వాళ్ళలో 67 మంది ఆత్మహత్య చేసుకున్నారు. అప్పటికి తెలిసిన కొలమానాలన్నీ వాడి 803 మందిని ప్రమాదంలో ఉన్నవాళ్ళుగా గుర్తిస్తే, చనిపోయినవాళ్ళలో 30 మందే ఆ జాబితాలో ఉన్నారు. మిగతా 37 మంది “పర్లేదు” అనుకున్నవాళ్ళలోంచి పోయారు. మరోవైపు, ప్రమాదం అని ముద్ర వేసిన వాళ్ళలో 770 మందికి పైగా ఆత్మహత్య చేసుకోలేదు. అదంతా పాతకాలం లెక్క అనుకుంటే, 2016లో ఆస్ట్రేలియాకు చెందిన మాథ్యూ లార్జ్ బృందం అప్పటిదాకా వచ్చిన 37 అధ్యయనాల్ని కలిపి చూసింది. ఆత్మహత్యల్లో దాదాపు సగం “లో రిస్క్” గుంపులోనే జరిగాయి. “హై రిస్క్” అన్నవాళ్ళలో సగటున అయిదేళ్ళలో నూటికి అయిదారుగురే ఆత్మహత్య చేసుకున్నారు. నలభై ఏళ్ళ పరిశోధనతో అంచనా మెరుగుపడిన దాఖలా కూడా కనిపించలేదు.

డాక్టర్లు చేతగానివాళ్ళనేం కాదు. అరుదుగా జరిగేదాన్ని, అదీ గంటల్లో మారిపోయే మనసును బట్టి జరిగేదాన్ని, ముందే చెప్పడం ఏ స్కేలుకూ సాధ్యం కాదు. ఒకసారి చూసి షీట్‌లో రాసేసే బ్లడ్ గ్రూపు కాదిది, పూటపూటకూ చూడాల్సిన బీపీ లాంటిది. అలాగని స్కేళ్ళను చెత్తబుట్టలో వేయమనడం లేదు. కొలంబియా స్కేలు (మనవాళ్ళు సీఎస్ఎస్ఆర్ఎస్ అంటారు) అడగాల్సిన ప్రశ్నల్ని వరసగా గుర్తు చేస్తుంది. కొత్తగా చేరిన పీజీకి, నర్సుకు అది మంచి ఊతం. కానీ చివర్లో వచ్చే అంకె చూసి గేటు తెరవడం, మూయడం చేయకూడదు.

ఇక “అలాంటి ఆలోచనలేమీ లేవు సార్” సంగతి. 2003లో బుష్, ఫాసెట్, జేకబ్స్ అనే ముగ్గురు డాక్టర్లు, ఆసుపత్రిలో ఉండగానో డిశ్చార్జ్ అయిన వెంటనేనో ఆత్మహత్య చేసుకున్న 76 మంది కేస్ షీట్లు తిరగేశారు. చివరిసారి అడిగినప్పుడు ఏం చెప్పారో నమోదైన వాళ్ళలో నూటికి 78 మంది ఆ ఆలోచన లేదనే అన్నారు. మరి ఆ రోజుల్లో వాళ్ళలో కనిపించిందేమిటి? నూటికి 79 మందిలో విపరీతమైన ఆందోళన, కుదురులేనితనం. అంటే పేషెంటు నోటితో చెప్పిందానికంటే, వరండాలో చేతులు నలుపుకుంటూ పచార్లు చేసింది ఎక్కువ చెప్పింది. కాబట్టి పేషెంటు “లేవు” అన్నాడని ఊపిరి పీల్చుకోవద్దు. అలాగని అబద్ధమాడుతున్నాడనీ అనుకోవద్దు. ఇంటికెళ్ళాలని ఉంటుంది, సిగ్గుంటుంది, లాకప్‌లాంటి వార్డు భయం ఉంటుంది. చాలాసార్లు ఆ నిమిషంలో నిజంగానే ఆ ఆలోచన ఉండదు, సాయంత్రానికి మళ్ళీ వస్తుంది.

అడిగే తీరులో చాలా ఉంది. రౌండ్స్‌లో ఆరుగురు తెల్లకోట్ల మధ్య, పక్క మంచం వాళ్ళు వింటుండగా, “సూసైడ్ ఆలోచనలేమీ లేవు కదా?” అని అడిగితే “లేవు” అనే వస్తుంది. ఆ “కదా”లోనే జవాబు ఉంది. విడిగా కూర్చోబెట్టి, నిద్ర దగ్గర్నుంచి మొదలుపెట్టండి. ఇలాంటి సంభాషణలు మా వార్డులో మామూలే. గుర్తుపట్టే వివరాలు మార్చి ఒకటి చెప్తాను.

“రాత్రి నిద్ర పట్టిందా అమ్మా?”
“యాడ నిద్ర డాక్టరమ్మా, రెండింటికే మెలకువ.”
“మెలకువ వచ్చాక ఏం ఆలోచిస్తుంటారు?”
“ఏముంటది. నా రోగం పిల్లలకు బరువాయె.”
“అలా అనిపించినప్పుడు, నేను లేకపోతేనే నయం అని కూడా అనిపిస్తుందా?”
కాసేపు మాట లేదు. “అనిపిస్తది.”
“ప్రాణం తీసుకోవాలని అనిపించిందా?”
“మొన్నటిదాక ఉండె. ఇప్పుడు లేదు.”
“మొన్న అంటే ఎప్పుడమ్మా?”
“ఐతారం. మా కోడలు వచ్చిపోయినంక.”

అడిగింది మంగళవారం. కేస్ షీట్‌లో అంతకు ముందు గురువారం నుంచీ “ఆత్మహత్య ఆలోచనలు లేవు” అని ఉంది. రాసినవాళ్ళు తప్పు రాయలేదు, వాళ్ళు అడిగిన పూట లేవు. కోడలితో ఏ మాట జరిగిందో కనుక్కుంటే (ఇల్లు అమ్మే విషయం) అసలు సంగతి అక్కడుంది. ఆ ఒక్క వివరం ఏ స్కేలు స్కోరుకన్నా విలువైనది. డిశ్చార్జ్ చేసి మళ్ళీ అదే ఇంటికే కదా పంపేది.

నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని జూనియర్లు జంకుతారు. అలా జరగదు. దీనిమీద పరిశోధనలున్నాయి. చాలామందికి ఎవరో ఒకరు అడిగారన్నదే ఊరట. అయితే మాట మనవాళ్ళు వాడేదై ఉండాలి. “నా బతుకింతే”, “నేను పోతే వీళ్ళకు పీడ పోతుంది”, “ఎటైనా వెళ్ళిపోవాలనిపిస్తోంది”, “దేవుడు ఇంకా తీసుకుపోడేం” లాంటి మాట వచ్చిన చోటే ఆగి, అక్కడి నుంచి ఒక్కో మెట్టూ దిగాలి: చావు రావాలని కోరికా, తానే చేసుకోవాలన్న ఆలోచనా, ఎలాగో అనుకున్నాడా, ఏదైనా సిద్ధం చేసుకున్నాడా, చివరి నిమిషంలో ఏం ఆపింది. ఆ ఆఖరి ప్రశ్న మర్చిపోకండి, మీ సేఫ్టీ ప్లాన్ (దిగులు ముంచుకొస్తే ఏం చేయాలో ముందే రాసుకునే కాగితం) దాంట్లోంచే వస్తుంది. రేపటి గురించి కూడా అడగండి. దసరాకి ఏం చేస్తారు, వచ్చే పంటకాలానికి ఏం వేస్తారు అంటే మొహం ఎలా మారుతుందో చూడండి. అమెరికా సైకియాట్రిస్టు ఆరన్ బెక్ బృందం 1985లో తేల్చిందీ అదే: ఇక ఏమీ బాగుపడదన్న నిస్పృహను పట్టించుకోవాలి, బాధ తీవ్రతను మాత్రమే చూస్తే చాలదు.

పేషెంటుతో మీరు గడిపేది రోజుకు ఇరవై నిమిషాలు. నర్సమ్మలు, ఆయాలు, వార్డు బాయ్‌లు ఇరవై నాలుగు గంటలూ చూస్తారు. నైట్ డ్యూటీ స్టాఫ్ నర్సు వెళ్ళిపోయేలోపు ఆవిడతో మాట్లాడటం నేను ఏ పీజీకైనా మొదటి వారంలోనే అలవాటు చేస్తాను. “రాత్రి ఎలా ఉన్నాడు?” అంటే “బానే ఉన్నాడు” అంటారు. “ఎన్నింటికి లేచాడు? లేచి ఎక్కడికెళ్ళాడు? అన్నం ఎంత తిన్నాడు? ఎవరితో మాట్లాడాడు? సామాన్లు ఎవరికైనా ఇచ్చాడా?” అంటే అసలు విషయాలు వస్తాయి.

మీ పేషెంటు విషయంలో నాకు ఆగాలనిపించింది ఒక మాట దగ్గర. “రెండు రోజులుగా ఉన్నట్టుండి చాలా హుషారుగా ఉన్నాడు” అని రాశారు. మందు పనిచేసినప్పుడు మార్పు ఇలా రాదు. నిద్ర కాస్త, ఆకలి కాస్త, తర్వాత మాట, ఆఖర్న మనసు. ఆ క్రమం లేకుండా ఒక్కసారిగా మబ్బు విడిపోతే మూడు సంగతులు చూడాలి. బైపోలార్ (దిగులూ అతి ఉత్సాహమూ మారిమారి వచ్చే జబ్బు) అయ్యుండి డిప్రెషన్ మందుతో అతి ఉత్సాహంలోకి వెళ్తున్నాడా? ఇంటికెళ్ళే తేదీ తెలిసి నిజంగానే సంతోషమా? లేక లోపల ఒక నిర్ణయానికి వచ్చేసిన నెమ్మదా? మూడోదే అని కంగారు పడక్కర్లేదు, అడిగి తెలుసుకోవాలి. “రెండు రోజుల్నుంచి తేడా కనిపిస్తోంది, ఏం మారింది?” అంటే చాలు. ఇంకో విషయం, మందుతో కదలిక, చురుకు ముందొచ్చి దిగులు వెనక తగ్గే రోజులు కొన్ని ఉంటాయి. ఆ మధ్యకాలంలో కాపలా సడలించొద్దు.

డయాగ్నోసిస్‌ను బట్టి వెతకాల్సినవి వేరు. స్కిజోఫ్రీనియాలో గొంతులు ఏమంటున్నాయో, “చావు” అని ఆజ్ఞాపిస్తున్నాయా, ఆ ఆజ్ఞను ఎదిరించగలుగుతున్నాడా అని అడగాలి. లక్షణాలు తగ్గి, తన జబ్బేమిటో, దానివల్ల చదువూ ఉద్యోగం ఏమయ్యాయో అర్థమయ్యే రోజులు కూడా ప్రమాదమే. మనం “ఇన్‌సైట్ వచ్చింది” అని సంబరపడతాం, కుర్రాడేమో కుప్పకూలుతుంటాడు. యాంటీసైకోటిక్ (ఇలాంటి జబ్బులకిచ్చే మందు) మొదలుపెట్టాక కాళ్ళు నిలవనీయకుండా అటూ ఇటూ తిరుగుతుంటే అది అకతీసియా (ఆ మందు వల్లే వచ్చే కుదురులేనితనం) కావచ్చు. దాన్ని ఆందోళన అనుకుని మందు డోసు పెంచితే ఆ నరకం రెట్టింపవుతుంది. తాగుడు మానిన మొదటి వారం ఇంకో గండం. తెలంగాణలో కల్తీ కల్లు మానినవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు, 2020 లాక్‌డౌన్‌లో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం ఎలా వచ్చారో అందరూ చూశారు. ఆ స్థితిలో ఉన్నవాణ్ణి ఒక్కసారి చూసి ముప్పు తేల్చలేం, విత్‌డ్రాయల్ (మానేసినప్పుడు వచ్చే బాధలు) దిగాక మళ్ళీ మొదటి నుంచి అడగాలి.

వార్డులో ప్రమాదం అన్ని గంటలూ ఒకేలా ఉండదు. చేరిన మొదటి వారం, డ్యూటీలు మారే అరగంట, భోజనాల హడావిడి, ఇంటివాళ్ళు వచ్చి గొడవపడి వెళ్ళిన సాయంత్రం, వార్డు నుంచి సెలవు మీద (పరోల్ అంటాం) ఇంటికెళ్ళొచ్చిన రోజు. మన దగ్గర కాపలా అంతా అటెండెంటు మీద పెట్టేస్తాం. మీ పేషెంటు భార్య మూడు వారాలుగా నేల మీద పడుకుంటోంది, రాత్రి మూడింటికి ఆవిడ నిద్రపోతే అది ఆవిడ తప్పా? ఎవరు, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా, కంటిచూపులోనా చేతికందేంత దగ్గరా అన్నది షీట్‌లో పేరుతో సహా రాయాలి. పావుగంటకోసారి చూడమంటే సరిగ్గా పావుగంటకే వెళ్ళకూడదు, వేళ తప్పించి వెళ్ళాలి. చూడటం అంటే తలుపు సందులోంచి తొంగిచూడటం కాదు, రెండు మాటలు మాట్లాడటం. గదిలో, బాత్రూంలో ప్రమాదకరమైనవి తొలగించడం ఇంజినీరింగ్ విభాగం పని అని వదిలేయకుండా నెలకోసారి నర్సింగ్ సూపరింటెండెంటుతో కలిసి మీరూ తిరగండి.

మరి షీట్‌లో ఏం రాయాలి? ఆంటనీ పిసానీ బృందం 2016లో సూచించిన పద్ధతి నాకు బాగా నచ్చింది. ముప్పును ఎవరితో పోల్చి చెప్తున్నామో చెప్పాలి, అండగా ఏముందో చెప్పాలి, ఏం జరిగితే పరిస్థితి తలకిందులవుతుందో ముందే రాయాలి. మీ పేషెంటుకైతే దాదాపు ఇలా రాస్తాను:

“వార్డులోని మిగతా డిప్రెషన్ పేషెంట్లతో పోలిస్తే ముప్పు ఎక్కువ (ఇటీవలి ప్రయత్నం, అప్పు, తెల్లవారుజామున మెలకువ ఇంకా ఉంది). చేరిన రోజుతో పోలిస్తే తగ్గింది. ఆపుతున్నవి: పదో తరగతి కూతురు, బావమరిదితో చనువు, మందు వేసుకుంటున్నాడు. అప్పు ఇచ్చినవాళ్ళు ఇంటికొచ్చినా, మళ్ళీ తాగినా, మందు ఆపినా ముప్పు వెంటనే పెరుగుతుంది. అప్పుడు చేయాల్సింది పేషెంటుకు, భార్యకు, బావమరిదికి చెప్పాం.”

దీంట్లో జోస్యం లేదు, ఎవరు ఏం చేయాలో ఉంది. “ఏదైనా జరిగితే?” అన్న మీ భయానికి కూడా ఇదే సమాధానం. రేపు ఎవరైనా షీట్ తెరిస్తే మీరు అడిగారు, ఆలోచించారు, ఏర్పాటు చేశారు అని కనిపిస్తుంది. “లో రిస్క్” అన్న ముక్కకు ఆ బలం లేదు. పేషెంటు చేత “చేసుకోను” అని కాగితం మీద సంతకం పెట్టించుకునే అలవాటు కొన్నిచోట్ల ఇంకా ఉంది. అది పేషెంటును కాపాడుతుందనడానికి ఆధారం లేదు, మానేయండి.

శుక్రవారం సంగతి. ఆసుపత్రి నుంచి బయటికొచ్చిన మొదటి రోజులే అన్నిటికన్నా గండం. బ్రిటన్ జాతీయ లెక్కల్లో డిశ్చార్జ్ తర్వాత మొదటి వారం, అందులోనూ రెండు మూడు రోజులప్పుడు, మరణాలు ఎక్కువగా కనిపిస్తాయి. రకరకాల దేశాల అధ్యయనాల్ని కలిపి 2017లో చేసిన విశ్లేషణలో మొదటి మూడు నెలల ఆత్మహత్యల రేటు ఏడాదికి లక్షకు 1,100 దాటింది. మన దేశంలో మొత్తం జనాభాలో 2022 రేటు లక్షకు 12.4. పక్కపక్కన పెట్టి చూడండి. శుక్రవారం పంపితే రెండో రోజు ఆదివారం, ఓపీ లేదు, మీరు దొరకరు. నా సలహా, సోమవారం పంపండి. ఇంటివాళ్ళు ఒప్పుకోకపోతే శనివారం సాయంత్రం, సోమవారం ఉదయం ఫోన్ చేసేదెవరో పేరు రాసి పంపండి. వారంలోపు ఓపీ తేదీ చేతికివ్వండి, “నెలకు రండి” అనొద్దు. మందులు వారానికి సరిపడా మాత్రమే, అవీ భార్య చేతికి.

పంపేముందు భార్యతో విడిగా, బావమరిదితో విడిగా మాట్లాడాలి. పురుగుమందు గురించి మొహమాటపడకుండా అడగండి, ఎక్కడుంది, ఎవరి చేతిలో ఉంది. ఇంట్లో, పాకలో ఏదీ ఉండకూడదు. సీజన్ అయ్యేదాకా చేనుకు పురుగుమందు కొట్టే పని బావమరిదికి అప్పగించి, డబ్బాలు ఆయన ఊళ్ళో ఉంచుకునేలా ఒప్పించండి. శ్రీలంకలో 1990ల నుంచి అతి విషపూరితమైన పురుగుమందుల్ని వరసగా నిషేధించాక ఆత్మహత్యల రేటు దాదాపు 70 శాతం పడిపోయింది. “చావాలనుకున్నవాడు ఎలాగైనా చస్తాడు” అనే మాట నిజం కాదనడానికి ఇంతకన్నా పెద్ద రుజువు అక్కర్లేదు. ఆ ఘడియ దాటించగలిగితే చాలామంది బతుకుతారు.

సేఫ్టీ ప్లాన్ పేషెంటు మాటల్లోనే, తెలుగులోనే ఒక కాగితం మీద రాయించండి. దిగులు మొదలయ్యే ముందు తనకు ముందుగా తెలిసే గుర్తేమిటి, అప్పుడు తాను చేయగలిగిందేమిటి, ఎవరి దగ్గరికి వెళ్తాడు, ఎవరికి ఫోన్ చేస్తాడు. అమెరికా పరిశోధకులు స్టాన్లీ, బ్రౌన్ రూపొందించిన ఈ పద్ధతికి ఫోన్‌లో పలకరింపు కలిపితే ఆరు నెలల్లో ఆత్మహత్యా ప్రయత్నాల వంటివి దాదాపు సగానికి తగ్గాయని 2018లో అమెరికా అత్యవసర విభాగాల్లో చేసిన అధ్యయనం చెప్పింది. కాగితం చివర్లో 14416 రాయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ నంబరు అది, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. అయితే పేషెంటు ఆ నంబరు తన ఫోన్‌లో మీ ముందే సేవ్ చేసుకోవాలి. కాగితం బస్సులోనే పోతుంది.

చట్టం గురించి ఒక్క మాట, ఎందుకంటే మీ పేషెంటు “పోలీసులు కేసు పెడతారా” అని అడిగాడన్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 115 ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్ళు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలి, శిక్షించకూడదు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షనే లేదు. ఈ ముక్క అతనికి నోటితో చెప్పండి, మనసులో ఉన్నది చెప్పకపోవడానికి చాలాసార్లు ఈ భయమే కారణం. ఇక సొంత ఇష్టంతో చేరినవాళ్ళు వెళ్తామంటే ఆపే వీలు సెక్షన్ 88 కింద 24 గంటలే, అదీ ముప్పు ఉందని మీరు తేలిస్తే. ఆ లోపు మళ్ళీ చూసి, సెక్షన్ 89 కింద (పేషెంటు తనంతట తాను ఒప్పుకోకపోయినా) చేర్చాల్సి వస్తే నామినేటెడ్ ప్రతినిధి (పేషెంటు తరఫున నిలబడే వ్యక్తి) దరఖాస్తు కావాలి. సెక్షన్ 98 డిశ్చార్జ్ ప్రణాళికను పేషెంటుతో, కుటుంబంతో, ఇకపై చూడబోయే డాక్టరుతో మాట్లాడి చేయమంటుంది. మీ ఊరి జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం సైకియాట్రిస్టుకు ఒక ఫోన్ కొట్టి, పేషెంటు పేరు, తేదీ చెప్పండి. ఉత్తరం రాసి పేషెంటు చేతికిచ్చి “అక్కడ చూపించుకో” అంటే ఆ ఉత్తరం ఇంట్లో చూరులోనే ఉండిపోతుంది.

బుధ, గురువారాల్లో నేను చెప్పిన పద్ధతిలో రెండుసార్లు కూర్చోండి, ఒకసారి ఉదయం, ఒకసారి రాత్రి ఎనిమిది తర్వాత. భార్యతో మాట్లాడింది రాసుకోండి. తెల్లవారుజాము మెలకువ ఇంకా ఉండి, ఆ హుషారుకు కారణం దొరకకపోతే మీ యూనిట్ చీఫ్‌ను మళ్ళీ చూడమనండి, ఒంటరిగా తేల్చకండి.